ఆకాశపక్షులు చెప్పేవి, చెప్పనివి: ఐర్లాండు జానపద విశ్వాసములపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

సువార్త ఒక దేశములో ప్రవేశించి పదిహేను వందల సంవత్సరాలు గడిచిన తరువాత కూడా అక్కడి విశ్వాసులు పక్షి కూతను విని శుభాశుభాలు నిర్ణయించుకొనడము సాధ్యమేనా? ఐర్లాండు చరిత్రను చదివినవారు సాధ్యమేనని ఒప్పుకొనవలసి ఉంటుంది. క్రీ.శ. 431లో పోపు సెలెస్టీన్ పల్లాడియస్ అనే బిషప్పును ఐర్లాండులోని విశ్వాసుల యొద్దకు పంపారు. ఆ శతాబ్దములోనే పాట్రిక్ పరిచర్య కూడా జరిగినది. తరువాతి కాలములో ఐర్లాండు సన్యాసులు ఐరోపా ఖండమంతటికీ మిషనరీలుగా వెళ్లారు. అయినను 20వ శతాబ్దములో సేకరించిన సమాచారమును చూస్తే, ఆదివారము ఆరాధనకు తప్పక వెళ్లే కుటుంబాలలోనే మాగ్‌పై పక్షిని ఒంటరిగా చూస్తే కీడనీ, రాబిన్ ఇంటిలోనికి వస్తే మరణమనీ చెప్పుకొన్నట్లు కనబడుతుంది.

ఈ విషయము మన సంఘాలకు దూరమైనది కాదు. అయితే మన ఊరి నమ్మకాలను గూర్చి మాట్లాడేటప్పుడు మనకు తొందర ఎక్కువ. కొందరము వెంటనే గద్దిస్తాము, కొందరము చూచీ చూడనట్లు ఊరుకొంటాము. దూరదేశపు నమ్మకాలనైతే నిదానముగా పరిశీలించగలము. అందుచేత ఈ వ్యాసములో ఐర్లాండు పక్షి విశ్వాసములను మూడు తెగలుగా విభజించి చూడాలని మేము తలంచాము. మొదటిది, వాతావరణ సూచన. రెండవది, శకునము. మూడవది, భక్తిని మోసే కథ. ఈ మూడింటినీ ఒకే మూటగా కట్టి మూఢనమ్మకమని పారవేసినా, పెద్దల మాటయని మూటగానే నెత్తిన పెట్టుకొన్నా కాపరి తన పని చేయనట్లే. వేరుచేసి చూపడమే కాపరి బాధ్యత అన్నది మా అభిప్రాయము.

1. ఈ సమాచారము ఎక్కడిది?

ఐర్లాండు ప్రభుత్వము 1935లో ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్‌ను స్థాపించినది. ఆ సంస్థ 1937 నుండి 1939 వరకు ఒక అపూర్వమైన ప్రయత్నము చేసినది. 26 కౌంటీలలోని సుమారు 5,000 ప్రాథమిక పాఠశాలల నుండి దాదాపు 50,000 మంది పిల్లలు తమ తాతలను, అవ్వలను, పొరుగువారిని అడిగి పాత సంగతులను నోటు పుస్తకాలలో వ్రాశారు. పిల్లలకు ఇచ్చిన అంశాలలో వాతావరణ సూచనలు కూడా ఉన్నవి. ఈ నోటు పుస్తకాలు నేడు డబ్లిన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో జాతీయ జానపద భాండాగారములో భద్రపరచబడి ఉన్నవి. 2017లో ఆ కమిషన్ సేకరణకు యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో స్థానము లభించినది.

దీనికంటె పాత ఆధారములు కూడా కలవు. కాషెల్ రాజును బిషప్పును అయి 908లో మరణించిన కోర్మక్ మాక్ కుయిలెన్నాన్ పేరున ఉన్న పదకోశము వాటిలో ఒకటి. 12వ శతాబ్దము చివరిలో వేల్సు దేశపు గురువైన జెరాల్డ్ వ్రాసిన ఐర్లాండు వర్ణన మరియొకటి. ఇటీవలి పండితులలో ఎడ్వర్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు స్మరించదగినది. ఆయన ఆంగ్లికన్ గురువు, పక్షిశాస్త్రవేత్త కూడా. 1955లో రెన్ పక్షిని గూర్చి ఒక గ్రంథమును, 1958లో పక్షుల జానపద విశ్వాసములను గూర్చి మరియొక గ్రంథమును ప్రచురించారు. సంఘ పరిచర్య చేస్తూనే ఇట్టి పరిశోధన చేయవచ్చుననుటకు ఆయన మనకొక మాదిరి.

ఈ ఆధారములను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరము. జనులు ఏమి చెప్పుకొన్నారో అవి తెలుపుతాయి. చెప్పుకొన్న ప్రతివారు దానిని నమ్మి నడుచుకొన్నారని అవి రుజువు చేయవు. ఒక గ్రామములో శుభమైన గుర్తు పక్క గ్రామములో అశుభము కావడము కూడా ఉన్నది.

2. వాతావరణ సూచనలు

ఐర్లాండు అట్లాంటిక్ మహాసముద్రపు అంచున ఉన్న ద్వీపము. గాలి ఎక్కువగా పడమటి నుండి వీస్తుంది, వాన కూడా ఎక్కువగా ఆ దిక్కు నుండే వస్తుంది. తూర్పు తీరమందు సంవత్సరములో సుమారు 150 దినములు వర్షము పడితే, పడమటి ప్రాంతములలో కొన్నిచోట్ల 225 దినముల వరకు పడుతుంది. అక్కడి రైతుకు పశువుల కొరకు కోసిన గడ్డి ఆరాలి. పొయ్యిలోనికి బురదనేల నుండి తవ్వి తీసిన పీటు ఆరాలి. గడ్డి తడిస్తే కుళ్లిపోతుంది, శీతాకాలములో పశువులు పస్తుంటాయి. రేడియో రాకమునుపు ఆ రైతు ఆకాశమును, పక్షులను చూచి పని నిర్ణయించుకొనవలసి వచ్చినది. పక్షిని గమనించడము అతనికి వేడుక కాదు, జీవనోపాధి.

అతడు గమనించిన వాటిలో ముఖ్యమైనది వానకోవెల. కీర్తన 84:3లో మన తెలుగు బైబిలు వాడిన పేరే ఇది. పేరులోనే వాన ఉన్నది. వానకోవెలలు పైన ఎగిరితే మంచి దినమనీ, నేలకు దగ్గరగా ఎగిరితే వానయనీ ఐర్లాండు అంతటా చెప్పుకొనేవారు. దీనికి కారణము ఉన్నది. వానకోవెల ఎగురుతూనే పురుగులను పట్టి తింటుంది. గాలి వెచ్చగా, పొడిగా ఉన్నప్పుడు పురుగులు పైకి పోతాయి. చల్లగా, చెమ్మగా, ఈదరగా ఉన్నప్పుడు నేల దగ్గరనే ఉంటాయి. పక్షి తన ఆహారమును వెంబడిస్తుంది. వానను గూర్చి పక్షికి రహస్య జ్ఞానమేమీ లేదు, గాలిలో అప్పటికే వచ్చిన మార్పును అది మనకు చూపిస్తుంది.

సముద్రపు సీగల్ పక్షులు ఊరిలోపలి పొలాలకు వస్తే తుపాను గాలి వస్తుందన్న మాట కూడా ఇట్టిదే. సముద్రముమీద గాలి హెచ్చినప్పుడు అవి ఒడ్డున ఆశ్రయమును, ఆహారమును వెదకుతాయి. స్నైప్ అనే పొడవుముక్కు పక్షికి ఐరిష్ భాషలో మంచు మేకపిల్ల అనే అర్థము వచ్చే పేరున్నది. వసంత కాలపు సాయంత్రములలో అది పైనుండి వాలుగా దిగేటప్పుడు తోక ఈకలు గాలికి కంపించి మేక అరుపువంటి శబ్దము వస్తుంది. ఆకాశము నిర్మలముగా, గాలి నిశ్చలముగా ఉన్న సాయంత్రమున ఆ శబ్దము చక్కగా వినబడుతుంది. నేలమీద మంచు పేరేది కూడా అట్టి రాత్రులలోనే.

అయితే సూచన రూపములో ఉన్నదంతా నిజము కాదు. రూక్ అనే కాకి జాతి పక్షులు చెట్టు చిటారున గూడు కడితే ఆ వేసవి బాగుంటుందని చెప్పేవారు. అవి గూడు కట్టేది మార్చి నెల ప్రాంతములో. జూలై నెల వాతావరణము వాటికి తెలుస్తుందనుటకు ఆధారము లేదు. ఏప్రిల్ చివరి నుండి మే మధ్య వరకు వచ్చే చలిగాలులను కక్కూ కోకిలల కఠినకాలమని ఐరిష్ భాషలో పిలుస్తారు. కోకిల ఆఫ్రికా నుండి ఆ దినములలోనే వస్తుంది. రెండూ ఒకే సమయమున జరుగుతాయేగాని కోకిల చలిని తెచ్చుట లేదు. కాలమును గుర్తుపెట్టుకొనుటకు ఆ పేరు పనికివస్తుంది, కారణమును తెలుసుకొనుటకు పనికిరాదు.

పొడవైన వంకర ముక్కుగల కర్లూ పక్షి కూత కూడా వానకు గుర్తుగా ప్రసిద్ధి చెందినది. అయితే నేడు ఐర్లాండు పల్లెలలో ఆ కూత వినడమే అరుదైనది. 2015–2017 జాతీయ గణనలో గుడ్లు పెట్టే కర్లూ జంటలు 138 మాత్రమే లెక్కకు వచ్చినవి. 1980ల చివరి నుండి చూస్తే ఇది 96 శాతము తగ్గుదల. పీటు నేలలను తవ్వివేయుట, నీరు తీసివేయుట, చెట్ల తోటలు వేయుట, నక్కలు కాకులు గుడ్లను తినివేయుట దీనికి కారణములు. సూచన అబద్ధమని తేలి పోలేదు, సూచన ఇచ్చే పక్షియే పోతున్నది.

3. శకునాలు

పై వాటికి శకునానికి భేదమేమి? వాతావరణ సూచనలో పక్షికి దాని చుట్టూ ఉన్న గాలికి సంబంధము ఉన్నది. శకునములో పక్షికి మన భవిష్యత్తుకు సంబంధము కల్పించబడుతుంది.

రేవెన్ అనే పెద్ద నల్లకాకిని తీసుకొందాము. మధ్యయుగపు ఐరిష్ భాషలో వ్రాయబడిన ఒక చిన్న గ్రంథము డబ్లిన్ ట్రినిటీ కాలేజీ వ్రాతప్రతులలో దొరికినది, అది 1916లో అచ్చువేయబడినది. రేవెన్ ఏ దిక్కున, ఏ చోట, ఎట్టి స్వరముతో కూసినదో దానినిబట్టి ఇంటికి ఎట్టి అతిథులు వస్తారో, ఏ కీడు రానున్నదో అందులో వివరించబడినది. రెన్ పక్షి కూతకు కూడా అట్టి వివరణే ఉన్నది. కాకి అరిస్తే చుట్టాలు వస్తారన్న మాట విని పెరిగిన తెలుగు పాఠకునికి ఇది ఎంతో పరిచయమైనదిగా తోస్తుంది. ఇక్కడ మనము గమనించవలసినది ఒకటున్నది. ఐర్లాండులో వ్రాతపని ఎక్కువగా క్రైస్తవ మఠముల నుండి వచ్చిన విద్య. శకునము విద్యలేనివారి మధ్య మాత్రమే నిలిచినదని అనుటకు వీలు లేదు.

ఈ కాకి వెనుక పాత పురాణము ఉన్నది. మోరిగన్, బాద్వ్ అనే యుద్ధ దేవతలు కాకి రూపము ధరిస్తారని ప్రాచీన ఐరిష్ కథలు చెబుతాయి. వీరుడైన కుహూలిన్ చావు సమయమున తన్ను తాను రాతిస్తంభమునకు కట్టుకొని నిలబడ్డాడనీ, కాకి వచ్చి అతని భుజముపై వాలిన తరువాతనే శత్రువులు అతడు చనిపోయినట్లు గ్రహించారనీ ప్రసిద్ధమైన కథ. డబ్లిన్ జనరల్ పోస్టాఫీసులో 1916 తిరుగుబాటు జ్ఞాపకార్థముగా ఉంచిన కంచు విగ్రహము ఈ దృశ్యమునే చూపిస్తుంది. యుద్ధభూమిలో కాకులు శవముల యొద్దకు రావడము ప్రకృతి సహజము. చావు తరువాత వచ్చే పక్షిని చావును తెచ్చే పక్షిగా భావించడము శకునము. వరుస తారుమారైనది.

మాగ్‌పై పక్షి సంగతి మరింత ఉపదేశకరమైనది. ఒంటరి మాగ్‌పై దుఃఖమునకు, రెండైతే సంతోషమునకు గుర్తని నేటికీ ఐర్లాండులో చెప్పుకొంటారు. ఒంటరి మాగ్‌పైని చూచి సలాము చేసేవారు పట్టణములలో కూడా ఉన్నారు. ఇది ఎంతో పురాతనమైన ఆచారమని అనిపిస్తుంది. కాని మాగ్‌పై ఐర్లాండుకు వచ్చినదే 1676 ప్రాంతములో. వెక్స్‌ఫోర్డ్ తీరమునకు సుమారు ఒక డజను పక్షులు తూర్పుగాలితో కొట్టుకొని వచ్చినట్లు కర్నల్ సాలమన్ రిచర్డ్స్ 1682లో వ్రాసిపెట్టారు. పాట్రిక్ దినములలోగాని కొలంబా దినములలోగాని ఆ దేశములో ఈ పక్షి ప్రస్తావన కనబడదు. కాబట్టి అనాదిగా వస్తున్నదని చెప్పబడే ప్రతి నమ్మకము అనాది కాదు. శకునమునకు పాతదనము అవసరము లేదు, భయము ఉంటే చాలు.

4. రెన్ పిట్ట: శకునము నిందగా మారినప్పుడు

రెన్ సుమారు 10 గ్రాముల బరువుగల చిన్న గోధుమరంగు పిట్ట. పక్షులన్నిటికీ రాజు ఎవరో తేల్చుటకు పందెము పెట్టగా, అది గద్ద రెక్కలలో దాగి, గద్ద అలసిపోయిన తరువాత దానికంటె పైకి ఎగిరి రాజ్యము సంపాదించినదని కథ. కోర్మక్ పదకోశము దాని ఐరిష్ పేరును ద్రూయిదు పక్షియని విడదీసి, అది జోస్యము చెప్పే పక్షియని వివరించినది. ఆ పదవిభజన సరియైనదని నేటి భాషావేత్తలు అంగీకరించరు. కాని ఆ దినములలో జనులు దానిని ఎట్లు చూచారో అది తెలుపుతున్నది.

ఈ పిట్టను డిసెంబరు 26న, అనగా స్తెఫను దినమున, వేటాడి చంపే ఆచారము ఐర్లాండులో విస్తారముగా ఉండేది. బాలురు కర్రలతో పొదలను కొట్టి దానిని చంపి, హోలీ కొమ్మకు కట్టి, పాటలు పాడుతూ ఇంటింటికీ తిరిగి దానిని పాతిపెట్టుటకని డబ్బు అడిగేవారు. ఎందుకు చంపాలి? స్తెఫను దాగియున్న చోట ఈ పిట్ట కిచకిచలాడి ఆయనను శత్రువులకు పట్టించినదని వారి సమాధానము. మరికొందరు వేరొక కారణము చెప్పేవారు. ఐర్లాండు సైనికులు రాత్రివేళ శత్రువుమీద పడబోగా ఈ పిట్ట డోలుమీద ముక్కుతో పొడిచి శత్రువును మేల్కొలిపినదట. ఆ శత్రువు ఎవరు? కొందరు వైకింగులని, కొందరు 1649లో వచ్చిన క్రాంవెల్ సైన్యమని, కొందరు రాజైన విలియము సైన్యమని చెప్పారు. ఈ ముగ్గురి మధ్య ఎనిమిది వందల సంవత్సరాల దూరము ఉన్నది. ఆచారము మారలేదు, కారణము మాత్రము తరమునకొకటి మారినది. అనగా మొదట నేరము తెలిసి తరువాత శిక్ష రాలేదు. మొదట శిక్ష ఉన్నది, దానికి తగిన నేరము తరువాత వెదకబడినది.

అపొస్తలుల కార్యములు 6, 7 అధ్యాయములను చదివినవారికి ఇందులోని వైపరీత్యము తెలుస్తుంది. స్తెఫను ఎక్కడా దాగలేదు, మహాసభ యెదుట నిలబడి మాట్లాడారు. ఏ పిట్టయు ఆయనను పట్టించలేదు, అబద్ధ సాక్షులైన మనుష్యులు పట్టించారు. చివరకు తన్ను చంపుచున్నవారి మీద ఆ పాపము మోపవద్దని ప్రార్థించి ఆయన నిద్రించారు. ఆయన పేరు పెట్టుకొన్న దినమున, ఆయన క్షమించినదానికి ప్రతీకారమని, ఏ దోషమూ లేని ప్రాణిని చంపడము జరిగినది. క్షమాపణ పండుగ నింద పండుగ అయినది.

ఇప్పుడు ఐర్లాండులో ఆ పిట్టను చంపుట లేదు. కెర్రీ కౌంటీలోని డింగిల్ పట్టణములో నేటికీ ఆ దినమున గడ్డి వేషములు వేసికొని వాయిద్యములతో ఊరేగుతారు. కొమ్మపై ఉండేది బొమ్మ పిట్ట. పోగైన డబ్బును ధర్మకార్యములకు ఇస్తారు. నింద లేకుండానే పండుగను నిలుపుకొనవచ్చునని దీనివలన తెలుస్తున్నది.

5. భక్తిని మోసే కథలు

మూడవ తెగకు చెందిన కథలు వేరైనవి. సిలువమీద ఉన్న క్రీస్తు ముళ్లకిరీటము నుండి ఒక ముల్లును లాగబోయి రాబిన్ తన రొమ్మును రక్తసిక్తము చేసికొన్నదనీ, అందుకే దాని రొమ్ము ఎర్రగా ఉన్నదనీ ఐర్లాండు తల్లులు పిల్లలకు చెప్పేవారు. అందుచేత రాబిన్‌ను ఎవరూ ముట్టేవారు కారు. సువార్తలలో ఈ సంగతి లేదు. కాని శ్రమపడువాని యొద్దకు చేరుట ధన్యమన్న పాఠము ఇందులో ఉన్నది. అదే రాబిన్ ఇంటిలోనికి వస్తే చావు అన్నప్పుడు మాత్రము కథ శకునముగా దిగజారినది. ఒకే పక్షి చుట్టూ రెండు తెగలు కలిసిపోవడము ఇక్కడ చూస్తాము.

వంటకుండలోని కోడిపుంజు కథ కూడా ఐర్లాండులో ప్రసిద్ధము. క్రీస్తు లేచెనన్న మాటను నమ్మనివారు, ఈ కుండలో ఉడుకుచున్న పుంజు లేస్తేనే ఆయన లేచునని ఎగతాళి చేయగా, పుంజు కుండ అంచుమీద నిలిచి, కన్యక కుమారుడు క్షేమముగా ఉన్నాడని అర్థము వచ్చునట్లు కూసినదట. పాత సమాధి రాళ్లమీద, చేతి సిలువలమీద కుండను, పుంజును చెక్కి ఉండుట నేటికీ చూడవచ్చును. చదువురాని జనులకు ఆ బొమ్మ పునరుత్థాన ప్రసంగము.

గ్లెండలోక్‌లో నివసించిన కెవిన్ అనే భక్తుడు చేయి చాచి ప్రార్థించుచుండగా బ్లాక్‌బర్డ్ అనే నల్లపిట్ట ఆయన అరచేతిలో గుడ్లు పెట్టినదనీ, పిల్లలు బయటికి వచ్చువరకు ఆయన చేయి కదల్చలేదనీ జెరాల్డ్ వ్రాశారు. కొలంబాను గూర్చి అదోమ్నాన్ సుమారు 700 ప్రాంతములో వ్రాసిన జీవితచరిత్ర మొదటి పుస్తకములో మరియొక సంగతి ఉన్నది. ఐర్లాండు నుండి ఒక కొంగ గాలికి కొట్టుకొని, అలసిపోయి, ఐయోనా ద్వీపపు తీరమున పడుతుందని కొలంబా ముందుగా చెప్పి, ఒక సహోదరుని అక్కడ కనిపెట్టుకొని ఉండుమన్నారు. ఆ సహోదరుడు దానిని దగ్గరి ఇంటికి మోసికొనిపోయి మూడు దినములు పోషించగా, బలము పుంజుకొని అది తన దేశమునకు తిరిగి వెళ్లినది. పక్షి రాకను చూచి తనకేమి జరుగునోయని అడిగేవాడు శకునము చూచేవాడు. పక్షి రాకను చూచి దానికేమి కావలెనోయని అడిగినవాడు కొలంబా. ఆయన పేరున ప్రచారములో ఉన్న ఒక పాత గీతము పక్షుల స్వరముమీద ఆధారపడుటను నిరాకరించి, ద్రూయిదు స్థానములో క్రీస్తును నిలుపుట గమనార్హము.

అయితే సంఘనాయకులందరూ ఇట్టి వివేకము చూపలేదు. బార్నకిల్ బాతులు సముద్రములో తేలే కొయ్యల నుండి పుడతాయని జెరాల్డ్ నమ్మారు. అవి మాంసమునుండి పుట్టినవి కావని చెప్పి ఐర్లాండులో కొందరు బిషప్పులు, భక్తులు ఉపవాస దినములలో వాటిని తింటున్నారని కూడా ఆయన వ్రాశారు. ఆ బాతులు ఉత్తర ధ్రువ ప్రాంతములో గూళ్లు కట్టి గుడ్లు పెడతాయి. 1596లో డచ్ నావికులు అట్టి బాతుల గూళ్లను చూచిన తరువాత ఆ సంగతి ఐరోపాలో తెలిసినది. తనకు లాభము కలిగించే నమ్మకమును పరీక్షించుటకు మనుష్యుడు తొందరపడడు. బోధకుడు కూడా అంతే.

6. లేఖనముల వెలుగులో

తెలుగు బైబిలు చదివేవారికి ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. ద్వితీయోపదేశకాండము 18:10లో నిషేధింపబడినవాటిలో మేఘశకునములు అనే మాట ఉన్నది. లూకా 12:54–56లోనైతే పడమట మబ్బును చూచి వాన వస్తుందని చెప్పే జనులను గూర్చి ప్రభువు మాట్లాడారు. మబ్బును చూచుట పాపమా, కాదా?

ద్వితీయోపదేశకాండములోని హెబ్రీ మాట మెయోనేన్. మేఘమునకు వాడే హెబ్రీ మాటతో దానికున్న పోలికనుబట్టి మన అనువాదకులు ఆ విధముగా తర్జుమా చేశారు. ఆ మాట మూలమును గూర్చి పండితులలో ఏకాభిప్రాయము లేదు. కాని సందర్భము స్పష్టము. 9 నుండి 14 వచనములలో చెప్పబడినది దేవుని మాట వినకుండ మరియొక మార్గమున భవిష్యత్తును తెలిసికొనుట, దానిని అదుపుచేయ చూచుట. ఆ వెంటనే 15వ వచనములో దేవుడు లేపబోయే ప్రవక్తను గూర్చిన వాగ్దానము ఉన్నది. రైతు వానను అంచనా వేయుట అక్కడి విషయము కాదు. లూకాలో కూడా ప్రభువు వారి వాతావరణ జ్ఞానమును ఖండించలేదు. భూమ్యాకాశముల వైఖరి గుర్తించగలిగినవారు ఆ కాలమును గుర్తించలేకపోవుటనే ఖండించారు. మత్తయి 16:2–3లోని ఎర్రని ఆకాశపు మాటలు కొన్ని ప్రాచీన ప్రతులలో లేవు, కాబట్టి మా వాదమును లూకామీదనే నిలుపుచున్నాము. పాలస్తీనాకు కూడా సముద్రము పడమటనే ఉన్నది. ఐర్లాండు రైతుకు ఆ వచనము వ్యాఖ్యానము లేకుండానే అర్థమయ్యేది.

యిర్మీయా 8:7లో ప్రవక్త వలసపక్షులను సాక్షులుగా పిలిచారు. అవి తమ కాలమును ఎరుగును, ప్రజలు తమ దేవుని న్యాయవిధిని ఎరుగరు. అక్కడ పక్షి చెప్పేది భవిష్యత్తు కాదు, విధేయత. మత్తయి 10:29–31లో పిచ్చుకను గూర్చిన ప్రభువు మాట భయపడవద్దనే ఆజ్ఞతో ముగుస్తుంది. శకునములో పక్షి నుండి భయము పుడుతుంది. ప్రభువు బోధలో పక్షిని చూచిన తరువాత భయము పోతుంది. ప్రసంగి 11:4 మరియొక హెచ్చరిక చేస్తుంది. గాలిని గురుతుపట్టుచు కూర్చుండేవాడు విత్తడు. మంచి సూచన కూడా పనిని ఆపివేసే బంధకముగా మారవచ్చును.

7. కాపరి వేయవలసిన మూడు ప్రశ్నలు

సంఘములో ఇట్టి నమ్మకము ఎదురైనప్పుడు మూడు ప్రశ్నలు వేయుట మంచిదని మా సూచన.

మొదటిది: ఇందులో సృష్టి క్రమమునకు చెందిన సంబంధమున్నదా? వానకోవెలకు, పురుగుకు, చెమ్మగాలికి సంబంధమున్నది. మాగ్‌పై సంఖ్యకు ఇంటిలోని దుఃఖమునకు లేదు.

రెండవది: ఇది తప్పని తేలే అవకాశమున్నదా? వానకోవెల కిందుగా ఎగిరినా వాన రాకపోతే రైతు ఈసారి గుర్తు తప్పినదని నవ్వి ఊరుకొంటాడు. శకునము ఎన్నడూ తప్పదు. ఆ దినము కీడు రాకపోతే వారమునకైనా, నెలకైనా వచ్చినదానిని దానికి జతచేస్తారు.

మూడవది, మిక్కిలి ముఖ్యమైనది: దీని భారము ఎవరిమీద పడుతుంది? శకునము పక్షితో ఆగదు. ఐర్లాండు జాలరులు సముద్రమునకు వెళ్లేటప్పుడు ఎర్రజుట్టు స్త్రీ ఎదురైతే వెనుకకు తిరిగి వచ్చేవారు. ఆమె చేసిన తప్పేమి? మన ఊళ్లలో ఉదయమే పనికి బయలుదేరిన విధవరాలిని చూచి ముఖము తిప్పుకొనేవారున్నారు, పెండ్లి పందిరిలో ఆమెను వెనుకకు నెట్టేవారున్నారు. క్రైస్తవ పెండ్లిలో కూడా ఇది జరుగుట సేవకులందరికీ తెలిసినదే. రెన్ పిట్టకు జరిగినదే ఇక్కడ మనిషికి జరుగుచున్నది. ముందు నింద, తరువాత కారణము. దసరానాడు పాలపిట్టను చూచి సంతోషించేవారితో వాదించుటకు మనము చూపే పట్టుదలలో సగమైనా ఆ విధవరాలి పక్షమున నిలుచుటకు చూపుచున్నామా?

గద్దింపు కంటె వివరణ మేలు. వానకోవెల ఎందుకు కిందుగా ఎగురునో పిల్లలకు చెప్పితే, కాకి అరుపుకు చుట్టాలకు సంబంధము లేదని వారే అడిగి తెలిసికొంటారు. వృద్ధుల వాతావరణ జ్ఞానమును వినయముతో వినవలెను, అందులో తరముల పరిశీలన ఉన్నది. పెండ్లి జరిపించే సేవకుడు ఆశీర్వాద సమయమున కుటుంబములోని విధవరాలైన తల్లిని, పిన్నిని పేరుపెట్టి ముందుకు పిలిచి వధూవరుల తలమీద చేయి ఉంచి ప్రార్థించుమని అడిగితే, అది ఒక గంట ప్రసంగము కంటె లోతుగా పనిచేస్తుంది.

ముగింపు

ఐర్లాండు పక్షులు మనకు చెప్పేది ఇంతే. గాలి మారినదని అవి చెప్పగలవు, రేపటి మన మేలు కీడులను చెప్పలేవు. వాటిని దేవుని చేతిపనిగా గమనించినవారు గడ్డిని తడవకుండ కాపాడుకొన్నారు, అలసిన కొంగకు మూడు దినములు ఆహారము పెట్టారు. వాటిని విధికి దూతలుగా చూచినవారు భయమునకు దాసులై, ఆ భయమును దించుకొనుటకు తమకంటె చిన్నప్రాణిని వెదకారు. సువార్త వెళ్లిన ప్రతి చోట ఈ రెండు చూపులూ ఒకే ఇంటిలో, ఒక్కొక్కప్పుడు ఒకే హృదయములో ఉంటున్నవి. వాటిని వేరుచేసే ఓర్పును, నిందపడినవారి ప్రక్కన నిలిచే ధైర్యమును దేవుడు తన సేవకులకు అనుగ్రహించునుగాక.